మన పని ఏ గడిలో పడుతుంది?

(యానాంలో జౌళి కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం బోనసు గురించో, గ్రాట్యుటీ గురించో మాట్లాడతామనుకుని వచ్చినవారు కాస్త ఓర్చుకోవాలి. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది బరువు గురించి. బేళ్ల బరువు కాదు, మన ఒంటి బరువు.

ఒకప్పుడు మిల్లు కార్మికుడంటే ఎండు కట్టెలా ఉండేవాడు. ఇప్పుడు ఆ మాట అందరికీ చెల్లదు. మన యానాంను చుట్టుకొని ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువు ఉన్నారని అందులో తేలింది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు దీని వెనకే వస్తున్నాయి. డాక్టరు “ఓ ఆరు కిలోలు తగ్గాలమ్మా” అంటాడు. మనం తలూపి వస్తాం. రెండు నెలల తర్వాత ముల్లు అక్కడే ఉంటుంది. అప్పుడు మనవాళ్లు అనే మాట ఒకటే: “ఆయ్, రోజంతా మిల్లులో నిలబడే ఉంటామండి. ఇంకా ఎలా తగ్గుతాం?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు మన పని ఎంత పనో తేల్చుకోవాలి. తిండి పట్టికలన్నీ మొదట అడిగేది అదే: మీది తేలిక పనా, మధ్యరకం పనా, బరువు పనా? మూడు గడులు. ఏ గడిలో టిక్కు పెడితే దాన్ని బట్టి కంచంలో కూడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో సవరించిన లెక్క చూడండి. 65 కిలోల పురుషుడికి తేలిక పని అయితే రోజుకు 2110 కేలరీలు, మధ్యరకం అయితే 2710, బరువు పని అయితే 3470. 55 కిలోల స్త్రీకి వరుసగా 1660, 2130, 2720. ఇవి వయసులో ఉన్నవారి లెక్కలు. వయసు పైబడిన కొద్దీ కాస్త తగ్గుతాయి.

పురుషుడి మొదటి గడికీ రెండో గడికీ తేడా ఎంత? సరిగ్గా 600 కేలరీలు. బియ్యంలో చెప్పుకుంటే 170 గ్రాములు. అంటే తేలిక పనివాడు తనది మధ్యరకం పని అనుకుంటే, రోజూ ఒక పూట అన్నం అదనంగా తిని కూడా సరిగ్గానే తింటున్నానని నమ్ముతాడు. స్త్రీకి ఆ తేడా 470. కాగితం మీద లెక్క వేస్తే 470 కేలరీల మిగులు పదహారు, పదిహేడు రోజుల్లో కిలో కొవ్వు అవుతుంది. ఒంట్లో అంత కచ్చితంగా జరగదు గానీ, దారి మాత్రం అటే.

మరి గడి ఎలా ఎంచుకోవాలి? చాలామంది వృత్తి పేరు చూసి ఎంచుకుంటారు. పాత పట్టికలు కూడా అలాగే చేశాయి. వాటిలో నేతపనివారిని మధ్యరకం గడిలో పెట్టారు, దర్జీని కూర్చొనే పనివారిలో పెట్టారు. బట్ట ఒకటే, నేసినవాడు ఒక గడి, కుట్టినవాడు ఇంకో గడి. అంతవరకు బాగానే ఉంది. కానీ అదే కూర్చొనే పనివారి జాబితాలో గృహిణిని కూడా చేర్చారు! తెల్లారకముందే లేచి నీళ్లు మోసి, అంట్లు తోమి, బట్టలు ఉతికి, పిల్లల్ని బడికి పంపి షిఫ్టుకు వచ్చే మన అక్కచెల్లెళ్లు ఆ జాబితా చూస్తే ఏమంటారో మేము చెప్పనక్కర్లేదు. వృత్తి పేరును నమ్ముకుంటే ఇలాగే ఉంటుంది. నేతపని అన్నప్పుడు ఆ పట్టిక మనసులో ఉన్నది గుంట మగ్గం మీద కాళ్లూ చేతులూ ఆడించే మనిషి కావచ్చు. ఏసీ షెడ్డులో ఎయిర్‌జెట్ మగ్గాల మధ్య తిరిగే మనిషి లెక్క వేరు.

ఈ విషయంలో మన జౌళి రంగం నుంచే ఒక పేరున్న పరిశోధన ఉంది. పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో హుగ్లీ ఒడ్డున చెంగైల్ అనే ఊళ్లో లడ్లో జనపనార మిల్లు ఉంది. అమెరికాలోని హార్వర్డుకు చెందిన జాన్ మేయర్, రాయ్, మిత్ర అనే ఇద్దరు సహచరులతో కలిసి అక్కడ 213 మందిని పరిశీలించి 1956లో ఫలితాలు ప్రకటించాడు. బెంగాల్ జనపనార మిల్లులకు మన ఉత్తరాంధ్ర నుంచి, గంజాం వైపు నుంచి తరాలుగా తెలుగు కుటుంబాలు వలస వెళ్లాయి కాబట్టి ఆ వాతావరణం మనకు కొత్త కాదు. మేయర్ చేసిన మంచి పని ఏమిటంటే, “మిల్లు మనిషి” అని అందరినీ ఒక గాటన కట్టలేదు. మిల్లు ఆవరణలో దుకాణం పెట్టుకుని రోజంతా కూర్చునేవారు, సూపర్‌వైజర్లు, గుమాస్తాలు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, చివరికి బొగ్గు, బూడిద ఎత్తేవారు, బరువులు మోసేవారు. ఇలా ఎవరి పని ఎంతో చూసి వేరు చేశాడు.

తేలిక పని నుంచి బరువు పని వైపు వెళ్లేకొద్దీ తిండి పెరిగింది, ఒంటి బరువు మాత్రం పెద్దగా మారలేదు. ఒళ్లు తనకు కావలసినంత అడిగి తీసుకుంది. కానీ బొత్తిగా కూర్చునే వారి దగ్గరకు వచ్చేసరికి ఈ సూత్రం తిరగబడింది. దుకాణదారులు, సూపర్‌వైజర్లు దాదాపు బరువు పనివారంత తిన్నారు, బరువులో అందరినీ మించిపోయారు. పని మరీ తగ్గితే ఆకలి దానితోపాటు తగ్గలేదన్నమాట. దుకాణదారుడి రాబడి, అలవాట్లు కూడా కూలివాడివి కావు కాబట్టి తేడా మొత్తాన్ని కుర్చీ మీదకే నెట్టకూడదని మా అభిప్రాయం. అయినా ఒక్క సంగతి మనకు పనికొస్తుంది. ఆ 213 మందీ ఒకే మిల్లు మనుషులు. వారిలో మూడు గడుల వారూ ఉన్నారు.

అదే రోజుల్లో లండన్ బస్సుల మీద జెరీ మోరిస్ బృందం చేసిన పని కూడా చెప్పుకోవాలి. రెండంతస్తుల బస్సులో డ్రైవరు కూర్చునే ఉంటాడు, కండక్టరు మెట్లెక్కి దిగుతుంటాడు. కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని 1953లో రాశారు. తర్వాత 1956లో వాళ్లు యూనిఫారం ప్యాంట్ల నడుం కొలతలు తీయించి చూస్తే, డ్రైవర్ల నడుం ముందునుంచే పెద్దది! అంటే లావుగా ఉన్నవారు డ్రైవరు పనికే ఎక్కువగా వచ్చారేమో కూడా చూడాలి. దర్జీ టేపు ఎంత నిజం చెబుతుందో జౌళివాళ్లం మనకు వేరే చెప్పాలా. మగవారికి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని మన దేశపు డాక్టర్లు అంటున్నారు.

ఇప్పుడు మన మిల్లులోకి వద్దాం. బ్లో రూములో బేళ్లు విప్పి చేత్తో వేసే మనిషి, డాఫ్ అయిన బాబిన్ల పెట్టెలు తోసే మనిషి, స్లైవర్ క్యాన్లు లాగే మనిషి, బీములు ఎత్తే మనిషి. వీరిది నిస్సందేహంగా ఒళ్లు కదిలే పని. ఆటో డాఫింగ్ వచ్చిన చోట డాఫరు చేతిపని యంత్రానికి పోయింది. చేత్తో ముడివేసే వైండింగ్ పోయి ఆటోకోనర్ వచ్చాక అక్కడి మనిషి నడక పెరిగిందో తగ్గిందో మిల్లును బట్టి ఉంటుంది. టెస్టింగ్ ల్యాబు, టైం ఆఫీసు, గేటు, ఇవి కుర్చీ పనులు. సైడరుది నడక. మొత్తం మీద మిల్లులో పని అంటే ఇప్పుడు ఎక్కువమందికి నిలబడటం, చూడటం, నడవటం, వేళ్లతో పని.

నిలబడటం దగ్గరే మనం మోసపోతాం. కూర్చోవడం కంటే నిలబడటానికి అదనంగా ఎంత ఖర్చవుతుందో కొలిచిన పరిశోధనలన్నిటినీ కలిపి 2018లో లెక్క తీశారు. నిమిషానికి 0.15 కేలరీ వచ్చింది. 65 కిలోల మనిషి ఆరు గంటలు కూర్చోకుండా నిలబడితే 54 కేలరీలు. బియ్యంలో 15 గ్రాములు, గుప్పెడు కూడా కాదు. కాళ్లు పీకుతాయి, మడమలు మండుతాయి, నరాలు ఉబ్బుతాయి. అదంతా నిజమైన బాధే. కానీ ఆ బాధ కొవ్వును కరిగించదు.

చెమట సంగతీ ఇంతే. నూలు తెగకుండా షెడ్డులో తేమ పెట్టి ఉంచుతారు, అందులో చెమట ఆరదు. షిఫ్టు దిగాక కిలో తగ్గినట్టు కాటా చూపితే అది నీళ్ల బరువు. రెండు చెంబుల నీళ్లు తాగగానే తిరిగొస్తుంది, రావాలి కూడా. రాత్రి షిఫ్టు అలసట, చెవులు పగిలే మోత, తెగిన పోగు కోసం కన్నార్పకుండా చూడటం మనిషిని పిండేస్తాయి. అలిసిపోయాను కాబట్టి ఎక్కువ ఖర్చయిందని అనుకోవడం సహజం. కానీ ఒళ్లు పెట్టే ఖర్చు ఒకటి, మనసుకు, నరాలకు తగిలే దెబ్బ మరొకటి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, రావాలి కూడా. “మా పని తేలికదని మేమే ఒప్పుకుంటే రేపు యాజమాన్యం ఆ మాటే పట్టుకుని జీతం కోస్తే?” ఇది ఉత్త భయం కాదు. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి కొలత పెట్టినప్పుడు మొదటి అంశం తిండే. మధ్యరకం శ్రమ చేసే సగటు భారతీయుడికి డాక్టర్ ఎక్రాయిడ్ చెప్పిన లెక్క తీసుకున్నారు. మనిషికి రోజుకు 2700 కేలరీలు, కుటుంబానికి మూడు యూనిట్లు, తలకు ఏడాదికి 18 గజాల బట్ట. ఎక్రాయిడ్ కూనూరులోని పోషకాహార పరిశోధనశాలకు డైరెక్టరుగా చేసినవాడు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు వచ్చింది, దాని పేరే ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ. అంటే మన కంచం లెక్కా, జీతం లెక్కా ఒకే ఇంట్లో పుట్టాయి.

2019లో కేంద్రం వేసిన నిపుణుల సంఘం ఈ 2700ను 2400కు దించమంది. బరువు పనులు తగ్గి, తేలిక, మధ్యరకం పనులు పెరిగాయన్నది వారు చెప్పిన కారణాల్లో ఒకటి. దానికి తోడు 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలన్నారు, అది మంచిదే. కేంద్రం 2020లో ప్రకటించిన వేతన నియమాల ముసాయిదాలో మాత్రం పాత 2700నే ఉంచారు.

మా మాట ఏమిటంటే, వేతనానికి కేలరీ కొలత నేల లాంటిది, పైకప్పు కాదు. కుటుంబం పస్తులుండకుండా ఇంత తిండి కొనగలగాలని అది చెబుతుంది. మన శ్రమ విలువ ఎంతో అది చెప్పదు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు ఆ లెక్క మీద పిల్లల చదువు, వైద్యం, పండుగపబ్బాలు, వృద్ధాప్యం, పెళ్లిళ్లకు మరో 25 శాతం కలపమంది. చదువుకు కేలరీ ఎక్కడిది? పైగా ఒకప్పటికంటే ఎక్కువ ఫ్రేములు చూసుకుంటున్న సైడరుకు నడక తగ్గితే కళ్ల మీద, బుర్ర మీద భారం పెరిగింది. అది ఏ పట్టికలోనూ పడదు. కాబట్టి జీతం మాట్లాడేటప్పుడు పని భారం మొత్తం చెబుదాం. కంచం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఒంటి కదలికనే లెక్కపెడదాం. ఈ రెండిటినీ కలిపి మాట్లాడితే అటు జీతమూ పోతుంది, ఇటు పొట్టా పెరుగుతుంది.

సరే, లెక్క ఎలా పెట్టాలి? 24 గంటలూ పెట్టాలి. పోషకాహార సంస్థ వారి లెక్కలో ప్రామాణిక మనిషి 8 గంటలు పనిచేస్తాడు, 8 గంటలు పడుకుంటాడు, నాలుగు నుంచి ఆరు గంటలు కూర్చోవడం, అటూ ఇటూ తిరగడం, రెండు గంటలు నడక, ఆటలు, ఇంటిపని. ఈ 8 గంటలు మనకు ఊరికే రాలేదు. 1936 జులై 30న పుదుచ్చేరిలో మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిపి 12 మందిని పొట్టన పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే ఫ్రెంచి పాలనలోని ప్రాంతాల్లో 8 గంటల పనిదినం చట్టంలోకి వచ్చింది. అప్పుడు మన యానాం కూడా ఆ పాలనలోదే. ఆ పోరాటంతో దక్కిన మిగతా 8 గంటలు ఎలా గడుస్తున్నాయన్నదే మన గడిని తేలుస్తుంది. ‘మధ్యరకం’ అనిపించుకోవాలంటే ఆ రెండు గంటల నడక కూడా ఉండాలి. అది చాలామంది మర్చిపోయే ముక్క.

పూర్వం ఎదుర్లంక వైపు నుంచి వచ్చేవారు రేవు దాకా నడిచి, పంటు దాటి, ఇటు మళ్లీ నడిచేవారు. 2002లో బాలయోగి వారధి తెరిచాక బండి స్టార్టు చేస్తే ఇంటి గుమ్మం నుంచి గేటు దాకా కాలు నేల మీద పెట్టే పనిలేదు. వంతెన వద్దని మేము అనం. ప్రసవానికి పడవ కోసం చూసిన ఇళ్లు అక్కడ ఎన్నో. కానీ ఆ నడక లెక్కలోంచి పోయింది, తిండి అలాగే ఉంది.

వారం రోజులు ఒక చిన్న పుస్తకంలో రాయండి. కూర్చున్న గంటలు, నిలబడ్డ గంటలు, నడిచిన గంటలు, బరువు ఎత్తిన గంటలు, నిద్ర. వీక్లీ ఆఫ్ రోజు తప్పకుండా రాయాలి, ఆ రోజే అసలు రంగు తెలుస్తుంది. సెల్‌ఫోను అడుగులు లెక్కపెడుతుంది గానీ మిల్లు లోపలికి ఫోను రానివ్వకపోతే వేరే ఉపాయం ఉంది. 1008 స్పిండిళ్ల ఫ్రేము ఒక పక్క 504 స్పిండిళ్లు, 70 మిల్లీమీటర్ల దూరాన ఉంటే 35 మీటర్లు. తలా తోకా కలిపి 40 అనుకోండి. షిఫ్టులో 150 సార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగితే 6 కిలోమీటర్లు. 55 కిలోల మనిషికి ఆ నడకకు అదనంగా ఖర్చయ్యేది ఇంచుమించు 150 నుంచి 200 కేలరీలు. మంచి నడకే. రెండు గారెలకు సరి.

ఇంకొక పొరపాటు కూడా చూస్తున్నాం. మిల్లు నడకను కలుపుకుని మధ్యరకం గడి ఎంచుకున్నాక, అదే నడకను ఫోను చూపించిందని మళ్లీ విడిగా కలిపి “ఇవాళ 300 కరిగాయి” అని ఇంకో ప్లేటు పెట్టించుకోవడం. ఒకే నడకకు రెండు కూలీలు మేస్త్రీ ఇవ్వడు, ఒళ్లూ ఇవ్వదు.

మన ఊరి పేరు చెబితే బయటివారికి ఏం గుర్తొస్తుందో మనకు తెలుసు, కాబట్టి ఆ మాట కూడా అనేద్దాం. ఒక క్వార్టరు విస్కీలో 400 పైచిలుకు కేలరీలు ఉంటాయి. అంటే రెండు షిఫ్టుల సైడరు నడక. పక్కన పెట్టుకునే వేపుడు లెక్క వేరే.

మనిషి తన గురించి తాను చెప్పుకునే లెక్క ఎంత దూరం పోతుందో 1992లో న్యూయార్కులో తేలింది. తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన పదిమందిని వైద్యులు నిజంగా కొలిచి చూశారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెప్పారు. అబద్ధం ఆడాలని కాదు, అలాగే అనిపించింది. అందుకే అనుమానం ఉంటే కింది గడినే ఎంచుకోండి. అందులోంచి 300 నుంచి 500 కేలరీలు తగ్గించండి. స్త్రీలకు కింది గడి 1660 ఉన్నప్పుడు 300 కంటే ఎక్కువ కోయవద్దు. కోసేది అన్నం, నూనె, చక్కెర టీలు. పప్పు, గుడ్డు, చేప కాదు. గోదావరి పక్కన ఉండి చేప మానమంటే మా మాట ఎవరు వింటారు!

తర్వాత తీర్పు కాటాది. వారానికి ఒకసారి, అదే రోజు, అదే కాటా మీద, పొద్దున్నే ఏమీ తినకముందు. రాత్రి షిఫ్టు వారమైతే నిద్ర లేచాక. ఒక వారం చూసి సంతోషించవద్దు, దిగులుపడవద్దు. నాలుగు వారాలు చూడండి. వారానికి అర కిలో లోపు తగ్గుతుంటే గడి సరిపోయింది. కదలకపోతే గడి ఎక్కువ ఎంచుకున్నారు, లేదా రాయని తిండి ఉంది. వారానికి కిలోకు మించి పడిపోతూ కాళ్లు తేలుతుంటే తక్కువ ఎంచుకున్నారు, తిండి పెంచండి. డిపార్టుమెంటు మారినా, లేఆఫ్ పడినా, సైకిలు పోయి బండి వచ్చినా మళ్లీ మొదటి నుంచి లెక్క వేయాలి.

కడుపుతో ఉన్నవారు, పాలిచ్చే తల్లులు ఈ లెక్క జోలికి పోవద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా పూట తిండి తగ్గిస్తే కళ్లు తిరిగి యంత్రం మీద పడే ప్రమాదం ఉంది. ప్రయత్నం ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతున్నా, దగ్గు వదలకపోయినా అది సంతోషించే విషయం కాదు. క్షయకూ, దూది దుమ్ము జబ్బుకూ పరీక్ష చేయించుకోవాలి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు దాన్ని ఇంట్లో పెట్టెలో దాచుకోకుండా వాడండి. వారం పుస్తకం రాసినవారు వచ్చే సమావేశానికి తెచ్చుకోండి. డిపార్టుమెంటు వారీగా పక్కపక్కన పెట్టి చూద్దాం.